నిప్పుకూ దొంగకూ చిక్కకుండా: ఇంట్లో కెమెరా సామగ్రి భద్రత

ఒకప్పుడు ఊళ్ళో ఫొటో స్టూడియో అంటే బజారులో షట్టరున్న దుకాణం. కెమెరా, లైట్లు, నెగెటివులు అన్నీ రాత్రికి ఆ షట్టరు వెనకే ఉండేవి. డిజిటల్ వచ్చాక ఆ దుకాణం చాలామటుకు ఇంట్లోకి మారింది. రాయ్‌పూర్‌లో శంకర్‌నగర్ నుంచి టాటీబంధ్ దాకా ఏ కాలనీ చూసినా ఒక పెళ్ళి ఫొటోగ్రాఫరో, ఛత్తీస్‌గఢీ పాటల వీడియోలు తీసే కుర్రాడో, సెలవు రోజుల్లో బార్నవాపారా అడవికి వెళ్ళి పక్షుల బొమ్మలు తీసే ఉద్యోగో ఉంటారు. రెండు బాడీలు, నాలుగు లెన్సులు, ఒక డ్రోన్, ఒక గింబల్ కలిస్తేనే లక్షల మాట. ఆ లక్షలన్నీ పడకగది బీరువా మీద ఒక నల్ల సంచిలో ఉంటాయి. పక్కనే, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద, బ్యాటరీలు ఛార్జవుతుంటాయి.

రాయ్‌పూర్ తెలుగువాళ్ళకు ఈ విషయంలో మరో చిక్కు ఉంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. రైల్వే కొలువులకూ, ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికీ ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. సంక్రాంతికీ, వేసవి సెలవులకూ ఇంటికి తాళం వేసి రైలెక్కడం వాళ్ళకు అలవాటు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఊళ్ళో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. కూలర్లూ ఏసీలూ రాత్రింబవళ్ళు తిరిగి వైర్లు వేడెక్కే కాలమది. నిప్పు భయమూ దొంగ భయమూ ఒకే నెలలో వచ్చి పడతాయి.

ఈ రెండు భయాలకూ బజారులో మందులు చాలానే ఉన్నాయి. ఇనప్పెట్టె, డ్రై క్యాబినెట్, సీసీ కెమెరా, బీమా. ఒక్కొక్కటీ ఒక్కో ఆపదకే పనికొస్తుందని, ఒకదానికి మంచిది మరోదానికి చేటు కావచ్చని అమ్మేవాళ్ళు చెప్పరు. కొనేముందు తెలుసుకోవలసింది అదే.

నిప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది

2024 ఏప్రిల్ 5న రాయ్‌పూర్ గుఢియారీలో విద్యుత్ పంపిణీ సంస్థ గోదాము అంటుకుంది. నూనె నిండిన ట్రాన్స్‌ఫార్మర్లు ఒకదాని వెంట ఒకటి పేలాయి. నల్లటి పొగ ఊరంతా కనిపించింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. నిప్పు మన ఇంట్లోనే పుట్టాలని లేదు. పక్క గోదాములో పుట్టినా ఇల్లు వదిలి పరుగెత్తవలసి రావచ్చు. అప్పుడు చేతికి ఏది అందుతుందన్నది ముందే ఆలోచించి పెట్టుకున్న విషయమై ఉండాలి.

ఇంట్లోనే పుట్టే నిప్పుకు ఇప్పుడు కొత్త చిరునామా లిథియం బ్యాటరీ. 2022 ఏప్రిల్ 23న విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్‌లో పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో లేచిన మంటలు, పొగ పైనున్న లాడ్జిలోకి ఎగబాకి ఎనిమిది మందిని బలి తీసుకున్నాయి. స్కూటర్ బ్యాటరీ శక్తి వెయ్యి వాట్-అవర్ల పైమాట. నికాన్, కెనాన్ కెమెరాల బ్యాటరీ 14 నుంచి 16 వాట్-అవర్లే. కనుక కెమెరా బ్యాటరీ అంత పెద్ద బాంబు కాదు. కానీ వీడియో లైట్లకూ సినిమా కెమెరాలకూ వాడే వీ-మౌంట్ బ్యాటరీ 100 వాట్-అవర్లకు దగ్గరగా ఉంటుంది. డ్రోన్ బ్యాటరీ దెబ్బ తిని ఉబ్బితే ఇంకా ప్రమాదం. లోపల ఒక సెల్లు అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్లును అంటిస్తుంది. చుట్టూ పరుపో పుస్తకాలో ఉంటే మిగతా పని అవే చేస్తాయి.

అందుచేత మొదటి జాగ్రత్తకు ఖర్చే లేదు. ఛార్జింగు పరుపు మీద, సోఫా మీద, సంచిలో పెట్టి చేయకూడదు. గచ్చు మీదో, గ్రానైటు గట్టు మీదో, చుట్టూ అంటుకునేదేమీ లేని చోట చేయాలి. అందరూ నిద్రపోయాక, ఇంటికి తాళం వేశాక ఛార్జరు గోడకు ఉండకూడదు. చవక నకిలీ బ్యాటరీలో రక్షణ సర్క్యూట్ ఉంటుందన్న నమ్మకం లేదు. ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జింగ్‌కు పెట్టనే కూడదు. ఊరెళ్ళేటప్పుడు బ్యాటరీలు సగం ఛార్జితో, కెమెరాలోంచి తీసి, చల్లని చోట ఉంచాలి. కెమెరాతో కలిపి ఒకే పెట్టెలో కుక్కకూడదు. ఇంటి మెయిన్ బోర్డులో ఎంసీబీతో పాటు, కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం రాయ్‌పూర్ వేసవికి ముందు చేయవలసిన పని.

పాత స్టూడియో కుటుంబాల దగ్గర మరో ప్రమాదం నిద్రపోతూ ఉండవచ్చు. దాదాపు 1950 దాకా వచ్చిన ఫిల్ముల్లో చాలా భాగం నైట్రేట్ బేస్ మీద తయారైనవే. కుళ్ళడం మొదలైన నైట్రేట్ ఫిల్ము 41 డిగ్రీల వేడి ఎడతెగకుండా తగిలితే తనంత తానే అంటుకోగలదని ఫిల్ము భాండాగారాల వాళ్ళు హెచ్చరిస్తారు. రాయ్‌పూర్‌లో మే నెలలో రేకుల కప్పు కింద అటక అంతకంటే వేడిగానే ఉంటుంది. 2003 జనవరి 8న పుణేలో నైట్రేట్ రీళ్ళు దాచిన గదులు అంటుకుని, తొలినాళ్ళ భారతీయ చిత్రాల రీళ్ళు వేల సంఖ్యలో బూడిదయ్యాయి. తాతగారి నాటి నెగెటివులు ట్రంకు పెట్టెలో ఉంటే, గోధుమరంగుకు తిరిగి ఘాటు వాసన వేస్తుంటే, వాటిని ఇంట్లోంచి తీసి నిపుణులకు చూపించాలి.

ఇనప్పెట్టె చెప్పని సంగతి

ఇల్లు కాలేటప్పుడు గది ఎంత వేడెక్కుతుందో ప్రయోగశాలలకు ఒక కొలత ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అరగంటకు సుమారు 840 డిగ్రీలు, గంటకు 945 డిగ్రీలు. ఆ కొలిమిలో ఇనప్పెట్టెను పెట్టి లోపల ఎంత వేడెక్కిందో చూస్తారు. ఇక్కడే అసలు సంగతి ఉంది. అమెరికాలోని యూఎల్ సంస్థ ప్రమాణంలో కాగితాలకు తగిన పెట్టె అంటే లోపల 177 డిగ్రీలు దాటనిది. కాగితం ఆ వేడికి మాడదు. కెమెరా బాడీలో వాడే పాలీకార్బొనేట్ 150 దగ్గరే మెత్తబడుతుంది. హార్డ్‌డిస్కు ఆపి ఉంచినా 70 డిగ్రీల దాకానే తట్టుకునేలా తయారవుతుంది. మెమరీ కార్డు హద్దు 85. డిజిటల్ సరుకుకు వేరే తరగతి ఉంది. అందులో లోపలి వేడి 52 డిగ్రీలు, తేమ 80 శాతం దాటకూడదు. అలాంటి పెట్టె బరువెక్కువ, ధరెక్కువ, లోపల చోటు తక్కువ. ‘ఫైర్‌ప్రూఫ్, ఒక గంట’ అని రాసి ఉన్నంత మాత్రాన అది కెమెరాను కాపాడదు. దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది కాగితాలకా, డేటాకా?

రెండో సంగతి తేమది. ఆ పెట్టె గోడల్లో పోసిన జిప్సం, కాంక్రీటు లాంటి పదార్థాల్లో నీరు బంధించి ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరై లోపలి సరుకును కాపాడుతుంది. కాగితానికి ఆ ఆవిరి వల్ల నష్టం కొద్దే, లెన్సుకు మాత్రం అది స్నానమే. పైగా నిప్పు ఎప్పుడో రావచ్చు, రాకపోవచ్చు. ఆ తేమ మాత్రం రోజూ ఎంతో కొంత లోపలికి వస్తూనే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాయ్‌పూర్ గాలే తడిగా ఉంటుంది. గాలాడని ఇనప్పెట్టెలో ఒక వానాకాలం గడిపిన లెన్సుకు బూజు పట్టడానికి ఇంకేమీ అక్కర్లేదు. బూజు పట్టకుండా తేమను 40, 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ అందుకే అమ్ముడుపోతోంది. దానికి అద్దం తలుపు, పేరుకే తాళం. లోపలి లెన్సులన్నీ దొంగకు కనిపిస్తూ ఉంటాయి.

నిప్పుకు మందపు గోడ కావాలి, బూజుకు పొడి గాలి కావాలి, దొంగకు బలమైన ఉక్కూ కంటబడని చోటూ కావాలి. ఈ మూడూ ఒక్క పెట్టెలో దొరకవు. నిప్పు పెట్టె పైరేకు పలుచగా ఉండి గడ్డపారకు లొంగవచ్చు. దొంగ కోసం చేసిన మందపు ఉక్కు పెట్టె నిప్పులో పొయ్యిలా కాగుతుంది. రెండు గుణాలకూ పరీక్షించి ముద్ర వేసిన పెట్టెలు ఉన్నాయి గానీ ఇంటి గోడకు, ఇంటి బడ్జెట్‌కు అవి బరువే.

మధ్యే మార్గం ఉంది. రబ్బరు అంచుతో బిగుసుకునే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సిలికా జెల్‌తో సహా లెన్సులు సర్ది, ఆ పెట్టెను ఇనప్పెట్టెలో ఉంచడం. ఆవిరి, పొగ, ఫైరింజను నీళ్ళు లోపలికి రావు. సిలికా జెల్‌ను నెలకోసారి చూసి ఎండబెట్టుకుంటే బూజూ రాదు. పెద్ద మంటను ఇది ఆపలేదు. కానీ గది కాలకుండా పొగ మాత్రమే పట్టిన సందర్భంలో సామాను దక్కుతుంది. పీవీసీ వైర్లు కాలినప్పుడు వచ్చే మసిలో ఆమ్లం ఉంటుంది. అది లోహపు కాంటాక్టులను రోజుల్లోనే తినేస్తుంది. పొగ పట్టిన కెమెరాను స్విచ్ నొక్కి చూడకుండా, గుడ్డతో రుద్దకుండా, బ్యాటరీ తీసేసి సర్వీసు కేంద్రానికి చేర్చడమే మేలు.

మంట చిన్నగా ఉన్నప్పుడు ఏది చల్లాలన్నదీ తెలిసి ఉండాలి. ఎక్కడ చూసినా కనిపించే ఏబీసీ పొడి సిలిండరు మంటను ఆర్పుతుంది, ఎలక్ట్రానిక్స్‌ను పాడు చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు మరక మిగల్చదు. చిన్న గదిలో తలుపు మూసి వాడితే మనిషికే ఊపిరాడదు. కరెంటు తీసేశాక చిన్న లిథియం బ్యాటరీని చల్లార్చడానికి నీళ్ళే ఎక్కువ ఉపయోగం. మంట పెద్దదైతే ఇవేవీ వద్దు. మనుషులు బయటికి రావాలి, 101కో 112కో ఫోన్ చేయాలి. కెమెరా కోసం వెనక్కి వెళ్ళకూడదు.

దొంగ దేన్ని చూసి వస్తాడు

2024 ఫిబ్రవరిలో విశాఖ మధురవాడకు చెందిన ఒక యువ ఫొటోగ్రాఫరును ఆన్‌లైన్‌లో పని మాట్లాడుకుని రావులపాలెం వైపు రప్పించారు. అతని దగ్గరున్న లక్షల విలువైన కెమెరా సామగ్రి కోసం ప్రాణం తీశారు. తెలుగు ఫొటోగ్రాఫర్లను ఈ ఘటన వణికించింది. అది ఇంట్లో జరిగింది కాదు. అయినా ఇంటి భద్రతకూ అందులో పాఠం ఉంది. ఎవరి దగ్గర ఏ కెమెరా ఉందో ఇప్పుడు ఎవరైనా ఫోనులో చూసి తెలుసుకోగలరు. కొత్త లెన్సు కొన్న రోజే దాని ఫొటో, ఊరెళ్ళిన రోజే రైలు కిటికీ ఫొటో పెడితే ఇంట్లో ఏముందో, ఇల్లు ఎప్పుడు ఖాళీయో రెండూ చెప్పినట్టే. ఖాళీ డబ్బాలను గుమ్మం బయట పారేయడమూ అలాంటిదే.

ఇంట్లో చొరబడిన దొంగ మొదట వెతికేది పడకగది బీరువానే. కంపెనీ పేరున్న కెమెరా సంచి కనబడితే తెరిచి కూడా చూడడు, భుజాన వేసుకుని పోతాడు. ఇల్లు వదిలేటప్పుడు అన్నీ ఒకే సంచిలో ఉండటం షూటింగుకు సౌకర్యం, దొంగకు అంతకంటే సౌకర్యం. బాడీలు ఒక చోట, లెన్సులు ఒక చోట, లైట్లు మరో చోట, మామూలు అట్టపెట్టెల్లో ఉంటే ఒక్క గాలింపుకు అన్నీ దొరకవు. చిన్న ఇనప్పెట్టె కొంటే నేలకో గోడకో బోల్టులతో బిగించాలి. లేకపోతే ఇద్దరు మనుషులు పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. సీసీ కెమెరా రికార్డరును టీవీ కింద పెడితే అదీ సంచిలోకే వెళ్తుంది. దృశ్యాలు ఇంటి బయట, క్లౌడ్‌లో చేరే ఏర్పాటే పనికొచ్చేది.

ఊరెళ్ళే కుటుంబాల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ పర్యవేక్షణ పథకం పెట్టారు. ముందుగా తెలియజేస్తే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా బిగిస్తారు, పైసా తీసుకోరు. ఎవరైనా చొరబడితే కంట్రోల్ రూముకు కబురు వెళ్తుంది. రాయ్‌పూర్‌లో ఉండేవాళ్ళు తమ ఠాణాలో ముందే చెప్పి పెట్టడం, ఎదురింటివాళ్ళకు తాళం చెవి కాకపోయినా ఫోను నంబరైనా ఇచ్చి వెళ్ళడం మంచిది.

పోయాక దొరకాలంటే

పోయిన సెల్‌ఫోనుకు ఐఎంఈఐ నంబరు ఉంది. 2023 మే నుంచి సంచార్ సాథీ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే దేశమంతటా దాన్ని పనికిరాకుండా చేయవచ్చు. కెమెరాకు అలాంటి వ్యవస్థ ఏదీ లేదు. ఉన్నదల్లా అడుగున చెక్కిన సీరియల్ నంబరు. చాలా కెమెరాలు తీసిన ప్రతి ఫొటోలోనూ ఆ నంబరును కనబడకుండా రాస్తాయి. బిల్లు పోయినా పాత ఫొటోల్లోంచి నంబరు తీయవచ్చు. అది లేకుండా ఠాణాకు వెళ్ళి ‘నల్ల కెమెరా పోయింది’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టాల్లో ఇంట్లో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షను వర్తిస్తుంది. శిక్ష ఏడేళ్ళ దాకా. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో పంపవచ్చు, మూడు రోజుల్లో సంతకం చేస్తే అది నమోదవుతుంది. విజయనగరంలో ఉండగా రాయ్‌పూర్ ఇంట్లో దొంగతనమని తెలిస్తే విజయనగరం ఠాణాలోనే జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించవచ్చు. కెమెరా దొరికాక అది ఠాణా గదిలో ఏళ్ళ తరబడి బూజు పడుతుందన్న భయం కూడా అక్కర్లేదు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. స్వాధీనం చేసుకున్న వస్తువులకు ఫొటోలు తీసి, పంచనామా రాసి, తగిన పూచీకత్తు మీద యజమానికి త్వరగా తిరిగి ఇవ్వాలంది. మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టాలి, సొంతదారని చూపే కాగితాలు ఉండాలి. అక్కడా సీరియల్ నంబరే ఆధారం.

బీమాలో చిన్న అక్షరాలు

ఇంటికి బీమా ఉందని నిశ్చింతగా ఉండేవాళ్ళు ఒకసారి పాలసీ తీసి చదవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి విలువలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సామాన్లకు రక్షణ దానంతట అదే వస్తుంది. నిప్పు, పిడుగు, వరద అన్నీ అందులో ఉన్నాయి. దొంగతనం మాటకొస్తే, అలాంటి ఆపద జరిగిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనం మాత్రమే ఉంది. తాళం పగలగొట్టి మామూలుగా వచ్చే దొంగకు ఆ పాలసీ వర్తించదు. అందుకు బర్గ్లరీ రక్షణ విడిగా తీసుకోవాలి.

అది తీసుకున్నా ఒక మెలిక ఉంది. హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు, ఆ పాలసీ భాష ప్రకారం బలప్రయోగంతో చొరబడి చేసిన దొంగతనానికే పరిహారం వస్తుందని తీర్పు ఇచ్చింది. తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి సంచి పట్టుకుపోతే రాకపోవచ్చన్న మాట. కెమెరా ఇంట్లోనూ ఫంక్షన్ హాల్లోనూ కారులోనూ తిరిగేది. కనుక దానికి ఆల్ రిస్క్ తరహా పాలసీ, ఒక్కో వస్తువు పేరు, సీరియల్ నంబరు, విలువ రాయించి తీసుకోవడమే సరైనది. పెళ్ళిళ్ళు తీసి సంపాదించేవాళ్ళ కెమెరా కంపెనీ దృష్టిలో ఇంటి సామాను కాదు, వృత్తి సాధనం. ఆ సంగతి దాచి ఇంటి పాలసీ తీసుకుంటే క్లెయిము రోజున గొడవ తప్పదు.

కెమెరా పోతే కొనవచ్చు

బీమా డబ్బుతో కొత్త బాడీ వస్తుంది. పెళ్ళి మళ్ళీ రాదు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన వాడిన కెమెరా ఏదో ఈనాడు ఎవరికీ అంతగా పట్టదు. ఆయన గాజు నెగెటివులు రెండు వేల ఎనిమిది వందల పైచిలుకు ఢిల్లీ ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో పదిలంగా ఉన్నాయి కాబట్టే నిజాం నాటి హైదరాబాద్ కళ్ళకు కడుతోంది. ఇంట్లో కెమెరా భద్రత గురించి ఆలోచించేవారు కెమెరా కంటే ముందు హార్డ్‌డిస్కు గురించి ఆలోచించాలి.

అమెరికా ఫొటోగ్రాఫర్ జాక్ లో కథ ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. అధ్యక్షుడు కెన్నెడీ కుటుంబాన్ని దగ్గరగా చూసి తీసిన 40,000కు పైగా నెగెటివులను న్యూయార్క్‌లో ఒక బ్యాంకు ఖజానాలో దాచారు. అంతకంటే భద్రమైన చోటు ఉంటుందని ఎవరూ అనుకోరు. ఆ బ్యాంకు వరల్డ్ ట్రేడ్ సెంటర్ సముదాయంలో ఉంది. 2001 సెప్టెంబరు 11న అవన్నీ పోయాయి. నగరంలో మరో చోట పెట్టిన కాంటాక్ట్ షీట్లు, ప్రింట్లు మిగిలాయి. వాటి నుంచే ఆ బొమ్మలను మళ్ళీ బతికించుకున్నారు. ఖజానా గట్టితనం కాదు, రెండో చోటు కాపాడింది.

దీన్నే ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ మూడు–రెండు–ఒకటి సూత్రంగా ప్రచారంలోకి తెచ్చారు. ప్రతి ఫొటోకు మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి ఇంటి బయట. రాయ్‌పూర్ తెలుగు కుటుంబానికి ఇది కష్టం కాదు. ఒక డిస్కు ఇంట్లో, ఒక ప్రతి క్లౌడ్‌లో, ఇంకో డిస్కు విజయనగరంలో అన్నయ్య ఇంట్లో. ఊరెళ్ళినప్పుడల్లా మార్చుకు రావచ్చు. బ్యాంకు లాకరులో పెట్టే వీలూ ఉంది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకులో అగ్నిప్రమాదం, దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏటా కట్టే అద్దెకు వంద రెట్లు. అద్దె మూడు వేలైతే మూడు లక్షలన్నమాట. డబ్బుకు అది హామీ, ఫొటోలకు కాదు. కనుక లాకరు కూడా మూడు ప్రతుల్లో ఒకటే కావాలి.

అన్నీ బేరీజు వేస్తే తేలేది ఇది. ఖరీదైన పెట్టె కొనడం జాబితాలో చివరి పని. దానికంటే ముందు చేయవలసినవి దాదాపు ఖర్చు లేనివి: ఛార్జింగు చోటు మార్చడం, సామాను విడగొట్టి ఉంచడం, సీరియల్ నంబర్లూ బిల్లులూ ఫొటో తీసి ఈమెయిల్‌లో వేసుకోవడం, ఒక డిస్కు వేరే ఊళ్ళో ఉంచడం, బీమా కాగితంలో దొంగతనం పేరా చదవడం. ఆ తర్వాత డబ్బుంటే బర్గ్లరీ లేదా ఆల్ రిస్క్ పాలసీ, పొగ పసిగట్టే అలారం, బోల్టు బిగించిన పెట్టె, అదే వరసలో. ఈసారి సెలవులకు రైలు టిక్కెట్లు తీసే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. కెమెరా తిరగేసి అడుగునున్న నంబరు రాసుకోవడంతో మొదలుపెట్టండి.